చివరి వాక్యంలో అమ్మ

నేను చదువుకోసం ఊరు వదిలినప్పుడు మా నాన్న వారానికో ఇన్‌లాండ్ లెటర్ రాసేవారు. ఏ పుస్తకాలు చదవాలో, ఇంగ్లీషు ఎలా బాగుచేసుకోవాలో, దేశంలో ఏం జరుగుతోందో అన్నీ అందులో ఉండేవి. మడత దగ్గర చోటు మిగిలితే, 'మీ అమ్మ ఆశీస్సులు చెప్పమంది' అని ఒక వాక్యం. ఇంకేం చెప్పమందో ఎప్పుడూ ఉండేది కాదు. ఈమధ్య నెహ్రూ తన కూతురికి రాసిన ఉత్తరాలు మళ్ళీ చదువుతుంటే ఆ మడత గుర్తొచ్చింది.

1928 వేసవిలో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉంటే, అలహాబాదు నుంచి నెహ్రూ ఆమెకు భూమి పుట్టుక, తొలి మనుషులు, భాషలు, నాగరికతల గురించి రాశారు. 1929లో అవి పుస్తకమయ్యాయి. హిందీలోకి అనువదించింది ప్రేమ్‌చంద్. తర్వాత 1930 అక్టోబరు నుంచి 1933 ఆగస్టు దాకా ఎక్కువ భాగం జైళ్ళలో కూర్చుని రాసిన 196 ఉత్తరాలు 1934లో ప్రపంచ చరిత్రగా అచ్చయ్యాయి. ఆడపిల్లకి పెళ్ళి గురించి కాక ప్రపంచం గురించి చెప్పిన తండ్రిని చూసి మా తరం ఆడపిల్లలం ఎంత అసూయపడ్డామో! ఆ అసూయ అబద్ధం కాదు. ఆ పుస్తకాల విలువని తగ్గించాలన్నది ఇక్కడ నా ఉద్దేశం కూడా కాదు.

కానీ ఉత్తరం ఒక ప్రక్రియగా ఇద్దరు మనుషుల్ని కోరుతుంది. ఇక్కడ మాట్లాడేది ఒక్కరే. రెండో పుస్తకంలోని ఉత్తరాలు చాలావరకు అప్పటికప్పుడు పోస్టు చేసినవి కావు, ఎప్పటికైనా చదువుతుందని పోగుపెట్టినవి. అంటే 'నువ్వు' అనే పిలుపు ఉంది, పలికే అవకాశం మాత్రం లేదు. కూతురు ఇక్కడ వినే చెవి. పితృస్వామ్యం ప్రేమగా ఉన్నప్పుడు కూడా బోధకుడి కుర్చీ దిగదని ఈ రచనా రూపమే చెప్తుంది.

మరి కమల? ఆమె కనబడకపోలేదు. 1931 జనవరి 1న ఆమె అరెస్టయింది. ఆ కబురు విన్న నెహ్రూ గర్వంగా కూతురికి రాశారు. 1930 ఉద్యమంలో అలహాబాదు వీధుల్లో పికెటింగులు నడిపిన మనిషి ఆమె. అయితే ఉత్తరాల్లో ఆమె గర్వపడాల్సిన వార్తగా వస్తుంది తప్ప, బిడ్డకి చెప్పడానికి తనదంటూ ఒక చరిత్ర ఉన్న మనిషిగా రాదు. 1936 ఫిబ్రవరి 28న లాసానులో ఆమె చనిపోయేనాటికి వయసు 36 ఏళ్ళు. అదే ఏడాది వచ్చిన ఆత్మకథని నెహ్రూ ఆమెకే అంకితమిచ్చారు. తొలిరోజుల్లో రాజకీయాల మత్తులో ఆమెని పట్టించుకోలేదని ఆ తర్వాత నిజాయితీగా ఒప్పుకున్నారు కూడా. ఆ ఒప్పుకోలు మనల్ని కదిలిస్తుంది. అది వినాల్సిన మనిషి మాత్రం అప్పటికి లేదు.

కూతురి జవాబులు ఎప్పుడొచ్చాయి? 1922 నుంచి 1939 దాకా తండ్రీకూతుళ్ళు రాసుకున్న ఉత్తరాలు సోనియా గాంధీ సంపాదకత్వంలో 1989లో, తర్వాతవి 1992లో పుస్తకాలుగా వచ్చాయి. అప్పటికి ఇందిర లేదు. తండ్రి పాఠాలు ఏడాదిలో అచ్చయితే, కూతురి మాటకి అరవై ఏళ్ళు పట్టింది. ఇందిర రాసిన ఒక ఉత్తరం నన్ను నిలబెట్టేసింది. మీరు లేనప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసా అని తండ్రిని నిలదీస్తుంది. ఇంటినిండా జనం ఉన్నా, జబ్బుతో ఉన్న అమ్మ దగ్గర కాసేపు కూర్చునేవాళ్ళు లేరంటుంది. తండ్రి ప్రపంచ చరిత్ర రాస్తే, కూతురు ఆ ఇంటి చరిత్ర రాసింది. ఆనందభవన్ గురించి ఎన్ని పుస్తకాలున్నా, ఆ ఒక్క గది గురించి చెప్పింది ఈ అమ్మాయే. ఆ పాఠాలే ఆమెని నాయకురాలిని చేశాయని తరచూ అంటారు. అలాగైతే 1975 ఎమర్జెన్సీని కూడా ఆ పాఠాల ఖాతాలోనే వెయ్యాలి. నేను రెండూ వెయ్యను. తండ్రి అచ్చులో పోసిన మట్టిగా చూడటం, ఆమెను మరోసారి వినే చెవిగా మార్చడమే.

మన హైదరాబాదులోనే ఇంకో ఇల్లుంది, గోల్డెన్ త్రెషోల్డ్. అదే పేరుతో 1905లో వచ్చిన సంపుటిలో సరోజినీ నాయుడు తన నలుగురు పిల్లలకి ఒక్కొక్కరికీ విడిగా కవిత రాసింది. తర్వాత ఉద్యమం ఆమెని ఊళ్ళూ దేశాలూ తిప్పింది. ఆమె కూడా పిల్లలకి ఉత్తరాలు రాసింది. వాటిలో కొన్ని 1996లో కాళీ ఫర్ విమెన్ వేసిన సంపుటిలో ఉన్నాయి. నెహ్రూ ఉత్తరాలు పిల్లల చేతికి బహుమతిగా వెళ్ళాయి, సరోజినివి పరిశోధకుల బల్ల మీదికి చేరాయి. తండ్రి దూరంగా ఉండి ఉత్తరం రాస్తే త్యాగం, తల్లి రాస్తే 'పిల్లల్ని ఎవరు చూశారు' అన్న ప్రశ్న. ఆ ప్రశ్న ఆనందభవన్‌కి ఎవరూ వెయ్యలేదు.

సరోజిని 1949లో పోయింది. ఆమె చివరి కవితల్ని 1961లో సంపుటిగా తెచ్చింది కూతురు పద్మజ. అప్పటికి ఆమె పశ్చిమ బెంగాల్ గవర్నరు. అక్కడ కూతురు, ఇక్కడ కోడలు. పెద్దవాళ్ళ కాగితాల్ని దుమ్ము దులిపి, వరస పెట్టి, మన దాకా తెచ్చింది ఈ ఆడవాళ్ళే. మరి కమల రాసినవీ, రాయలేకపోయినవీ ఎవరు వెతకాలి? నాయకుల పిల్లల గురించి మాట్లాడినప్పుడల్లా మనం వారసత్వాన్ని తండ్రి వైపునుంచే లెక్కపెడుతున్నాం.

మా నాన్న ఉత్తరాలు నా దగ్గర ఒక కట్టగా ఉన్నాయి. అమ్మకి చదవడమూ రాయడమూ వచ్చు. ఆమెకి కాగితం ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు.