టూరిను పపైరసుపటము : విమర్శనము

ఈజిప్టుదేశమున నైలునదికిని ఎఱ్ఱసముద్రమునకును నడుమనున్న ఎడారికొండలలో వాదీ హమ్మామాతు అను ఎండువాగు గలదు. ఆ లోయను గనులతోడను రాతికొట్లతోడను జూపు పపైరసుచుట్ట ద్రోవెత్తి సేకరణలో భాగమై 1824లో ఇటలీదేశపు టూరిను నగరమునకుఁ జేరి, నేఁడు అచ్చటి ప్రదర్శనశాలలో నున్నది. ఇది నాలుగవ రామెసీసు ఏలుబడిలో, క్రీ.పూ. 1150 ప్రాంతమున, ఈపూయి కుమారుఁడగు అమెన్నఖ్తు అను లేఖకునిచే వ్రాయఁబడెనని పండితుల మతము.

ఇది చిత్రమా, దేశపటమా? తెలుఁగున "పటము" అనుమాట రెంటికిని జెల్లుటచే ఈ సంశయము తెలుఁగువారికి వెంటనే స్ఫురింపదు. కాని సంశయము నిజమైనదే. కొండలు పైనుండి చూచినట్లు గాక, బాట కిరువైపుల పరుండఁబెట్టినట్లు గీయఁబడినవి. కొలమానము అంతట నొక్కటి గాదు. దక్షిణదిక్కు పైభాగమున నున్నది. ఇంతమాత్రమున అలంకారచిత్రమని త్రోసివేయుట తగదు. బంగారపుఁ గొండలకు గులాబిచాయ, బెఖెనుశిల దొరకు కొండలకు నలుపు, వాగులోని గులకఱాళ్లకు సైతము వేర్వేఱు రంగుల చుక్కలు. హైరాటికు లిపిలోని వ్రాతలు ఇవి బంగారపుఁ గొండలనియు, ఈ బాట సముద్రమునకుఁ బోవుననియుఁ జెప్పుచున్నవి. అందమునకై గీయువానికి బాట యెచ్చటికిఁ బోవునో చెప్పఁ బనిలేదు.

హారెల్, బ్రౌను అనువారు 1992లో ప్రకటించిన వ్యాసమున ఈ రంగులు అచ్చటి శిలాభేదములకు సరిపోవుచున్నవని చూపి, దీనిని భూగర్భశాస్త్రపటముగాఁ బరిగణించిరి. వారి వాదము చాలవఱకు గ్రాహ్యమే. అయినను ఒక్క సవరణ యవసరము. అచ్చటి గ్రానైటు సహజముగా గులాబిచాయ గలది. బెఖెనుశిలయు నలుపుదేఱిన ఆకుపచ్చనిది. లేఖకుఁడు కంటికిఁ గనఁబడిన చాయనే దించెను. శిలల పుట్టుక నెఱిఁగి వర్గీకరించె ననుట అధికోక్తి. గని వెదకువానికి ఆ చాయయే చాలును.

ఆ రాజే తన మూఁడవ యేట ఈ లోయకు శిలకై పంపిన యాత్రను గూర్చిన శాసనము అచ్చటి రాతిపైఁ జెక్కఁబడియున్నది. అందు ఎనిమిది వేలకుఁ బైబడిన జనము లెక్కింపఁబడిరి. మృతులు 900 మంది యని చెప్పఁబడెను. పటమును ఈ యాత్రకే ముడిపెట్టు పండితులు పెక్కురు గలరు. అందు అమోను గుడి యున్నది, సేతిరాజు శిలాస్తంభ మున్నది, బంగారుపనివారి యిండ్లున్నవి, నూయి యున్నది. మిగిలిన తునుకలలో ఆ మృతుల జాడ గానరాదు.