హాల్డేన్ వరద లెక్క

సెలవు రోజు సాయంత్రం విశాఖ ఆర్‌కే బీచ్‌లో లైఫ్‌గార్డు ఈల ఆగదు. మోకాలి లోతు నీళ్ళే కదా అనుకుంటుండగానే వెనక్కి మళ్ళే కెరటం కాళ్ళకింద ఇసుకను లాగేస్తుంది. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. కొట్టుకుపోతున్నవాడు ఏ ఊరివాడో, ఎవరి బిడ్డో తెలియకుండానే ఈతగాడు దూకుతాడు.

పరిణామ సిద్ధాంతానికి ఇలా దూకడం పెద్ద చిక్కు. దూకే గుణం ఉన్నవాడు మునిగిపోతే ఆ గుణమూ అతనితోనే పోవాలి. గట్టున నిలబడి చూసినవాడి సంతానమే మిగలాలి. మరి ఈ గుణం ఇన్ని తరాలు ఎలా నిలిచింది? 1955లో పెంగ్విన్ వారి ‘న్యూ బయాలజీ’లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ జనాభా జన్యుశాస్త్రం మీద ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక్క పేరాలో ఈ చిక్కు విప్పాడు. ఆ పేరా పనితనం చూడాల్సిందే.

మొదట పాత్రల్ని ఎలా పంచాడో చూడండి. వరద నదిలో పిల్లవాణ్ణి కాపాడటానికి దూకే అరుదైన జన్యువును పాఠకుడికి ఇచ్చాడు. గట్టున నిలబడి చోద్యం చూసే పాత్ర తాను తీసుకున్నాడు. ఈ చిన్న మర్యాదతో పాఠకుడు లెక్కలోకి దిగిపోతాడు. తర్వాత ఒకే ఒక్క అంకె: దూకినవాడు మునిగిపోయే అవకాశం పదింట ఒకటి. మిగతాదంతా చుట్టరికమే. కన్నబిడ్డలోనో తోబుట్టువులోనో అదే జన్యువు ఉండే అవకాశం సగం. అంటే పెద్దవాడిలో ఒకటి పోతే పిల్లల్లో అయిదు దక్కుతాయి. మనవడో మేనల్లుడో అయితే లాభం రెండున్నరకు పడిపోతుంది. పెదనాన్న కొడుకో మేనత్త కొడుకో అయితే దాదాపు ఏమీ మిగలదు. ఇంకో మెట్టు దూరం జరిగితే నష్టమే. సమీకరణం ఒక్కటీ లేదు.

ఇంత చేశాక తన లెక్కను తానే కిందికి దించుతాడు. మునిగిపోయేలా ఉన్నవాళ్ళను తాను రెండుసార్లు బయటికి లాగాడట. ఆ క్షణంలో లెక్క వేసే తీరిక లేదట. రాతియుగపు మనిషీ వేసి ఉండడంటాడు. నాకు పేరాకు ప్రాణం ఇక్కడే కనిపిస్తుంది. లెక్క కట్టింది మనిషి కాదు, వేల తరాల ఎంపిక. మనిషికి దక్కింది గుండె ఝల్లుమనడం, కాళ్ళు ముందుకు ఉరకడం.

హాల్డేన్ మనకు మరీ పరాయివాడేమీ కాదు. 1957లో కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థకు వచ్చాడు. ఆయన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు పిఠాపురంవారు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలో మేనరికాల మీద పరిశోధన చేశారు. హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మన ఇళ్ళ చుట్టరికాలు పెడితే ఆ పేరా మరింత రుచిగా ఉంటుంది. కుండమార్పిడి పెళ్ళిళ్ళనే తీసుకోండి. అన్నాచెల్లెళ్ళు మరో ఇంటి అన్నాచెల్లెళ్ళను చేసుకుంటే, ఆ రెండు జంటల పిల్లలు రెండు వైపులా మేనత్త మేనమామ బిడ్డలు. వాళ్ళ మధ్య జన్యువుల వాటా ఒకవైపు వరసకు ఉండే ఎనిమిదింట ఒకటి కాదు, నాలుగింట ఒకటి. హాల్డేన్ పట్టికలో మేనల్లుడి వరసకు ఎక్కుతారు. కానీ జన్యువుల లెక్కలో పెదనాన్న కూతురూ మేనమామ కూతురూ ఒకటే. మన ఇళ్ళలో ఒకరు అక్క, ఇంకొకరు మరదలు; ఇద్దరి మీదా పుట్టే మమకారం ఒకటి కాదు. ఈ తేడా జన్యువుల లెక్కకు అందదు, ఆచారానికే అందుతుంది.

పేరా చివర ఆయనే ఒక హద్దు గీశాడు: ఇలాంటి జన్యువు దగ్గరి బంధువులే ఎక్కువగా ఉండే చిన్న గుంపుల్లోనే నిలదొక్కుకోగలదు. విశాఖ తీరాన జాలరిపేట లాంటి పాత పల్లెకు ఈ మాట నప్పవచ్చు. 1951లో లక్షకు కాస్త పైన ఉండి, ఓడరేవు, ఉక్కు కర్మాగారం రప్పించిన జనంతో 2011కల్లా 17 లక్షలు దాటిన విశాఖకు నప్పదు. 1964లో జీవశాస్త్రవేత్త డబ్ల్యు.డి. హామిల్టన్ చుట్టరికపు లెక్కను పూర్తి సిద్ధాంతంగా మలిచాడు గానీ, పరాయివాడి సంగతి అలాగే మిగిలింది.

దాన్ని 1971లో జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ ఒక వ్యాసంలో ఎత్తుకున్నాడు, అదీ మునిగిపోతున్న మనిషితోనే. ఎవరూ దూకకపోతే అతను పోయే అవకాశం సగం, దూకినవాడికి ముప్పు ఇరవైలో ఒకటి అనుకున్నాడు. ఇవాళ నేను, రేపు నువ్వు అన్న బదులు నడిస్తే ఇద్దరికీ లాభమే. కృతజ్ఞత, జాలి, తప్పు చేశానన్న బాధ, మోసగాడి మీద మంట, ఇవన్నీ ఆ బదులు ఎగవేతకు గురికాకుండా ఎంపిక దిద్దిన భావాలు కావచ్చన్నాడు. హాల్డేన్ పేరు పెట్టకుండా వదిలిన భావాలకు ఇక్కడ పేర్లు దొరికాయి. ఆయన పేరాలోని బిగువు మాత్రం ఈ సుదీర్ఘ వ్యాసంలో లేదు. పైగా రుషికొండ బీచ్‌లో ఒడ్డుకు చేరిన పర్యాటకుడు ఆ రాత్రే రైలెక్కుతాడు. అతన్ని లాగిన ఈతగాడికి ఆ బదులు ఎవరి దగ్గర్నుంచి ముట్టాలో ట్రివర్స్ లెక్కలోనూ సులువుగా తేలదు.