సంచి మీద పేరు

నాలుగేళ్ల కిందట ఉగాదికి రెండు రోజుల ముందు నేనొక పొరపాటు చేశాను. మా నల్లమాడలో నలుగురం స్నేహితులం చందా వేసుకుని, లేనివాళ్ల ఇళ్లకు పంచడానికి పండగ సరుకులు కొన్నాం. బెల్లం, శనగబ్యాళ్లు, మైదా, నూనె ప్యాకెట్టు, చింతపండు, నాలుగు యాలకులు. ఓళిగలకూ పచ్చిపులుసుకూ సరిపోయేంత. ఒకరి సంచి ఇంకొకరికి పోకూడదని ఒక్కోదాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో పేరు రాసి, గుడి అరుగు మీద వరసగా నిలబెట్టాం. ఆ వరస చూసి ముందుగా మురిసిపోయింది నేనే.

సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్నీ వెళ్లిపోయాయి. చీకటి పడ్డాక ఆ మిగిలినదాన్ని నేనే పట్టుకుపోయాను. ఆ సంచి మీద పేరున్న అవ్వ గడపలో కూర్చుని వక్కాకు నములుతోంది. సంచి తీసుకుంది, తిప్పి చూసింది. "దీని మీద నా పేరు ఎంతమంది సదివినారు నాయనా?" అనింది. గొంతులో కోపం లేదు. అంగట్లో చిల్లర లెక్క అడిగినట్టే అడిగింది. నేను చెప్పలేకపోయాను.

మా మెట్టలో సంక్రాంతి వేరు, ఉగాది వేరు. సంక్రాంతి నాటికి శనక్కాయలు పెరికేసుంటాం. నాలుగు మూటలు అమ్మిన డబ్బో, అమ్ముతామన్న ఆశో ఇంట్లో ఉంటుంది. ఉగాది అలా కాదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తానికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ కురవాల్సినప్పుడు కురిస్తే. ఎండలు ముదిరేసరికి చేతిలో ఏమీ ఆడదు. సరిగ్గా అప్పుడొస్తుంది పండగ. బెంగళూరు కూలికి పోయిన కొడుకు బస్సు దిగితే ఆ ఇంట ఓళిగ. దిగకపోతే అంగట్లో పద్దు.

యూదుల పస్కా పండగ కూడా ఇంచుమించు ఉగాది రోజుల్లోనే వస్తుంది. నల్లమాడలో కూర్చుని పస్కా సంగతి ఎందుకంటారా? తెలుగు మాట్లాడే యూదులున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. మాదిగ కులం నుంచి వచ్చినవాళ్లు, ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. 1990ల మొదట్లో ఒక చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో ఒక పుస్తకమే తెచ్చారు. కూలి పని దొరకని వారంలో పస్కా వస్తే ఆ ఇళ్లలో ఎలా ఉంటుందో ఊహించడానికి నాకు పెద్ద కష్టం కాలేదు.

పస్కాకు ఒక చిక్కుంది. ఆ వారమంతా పులిసింది ఏదీ తినకూడదు, ఇంట్లో ఉంచుకోనూ కూడదు. ఉన్నదాన్ని వదిలించుకుని, రొట్టెకు ప్రత్యేకంగా జాగ్రత్త చేసిన పిండి కొత్తగా కొనాలి. నీళ్లు తగిలాక పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాల్చడం అయిపోవాలి. ఉన్నవాళ్లకు ఇదొక నియమం. లేనివాళ్లకు ఇంట్లో ఉన్న గుప్పెడు కూడా పండగ పేరు చెప్పి ఖాళీ అవుతుంది. అందుకే 'మఓత్ హిట్టిం' అనే పద్ధతి పుట్టింది. గోధుమల రొక్కం అని అర్థం. పండగకు ముందే ఊరంతా చందా పోగుచేసి, బీదల ఇళ్లకు గోధుమలో పిండో చేరుస్తారు. ఊళ్లో పన్నెండు నెలలు కాపురమున్నవాడు ఇందులో ఇచ్చేవాడైనా కావాలి, పుచ్చుకునేవాడైనా కావాలి అని పాత లెక్క. పక్కకు నిలబడి చూసేవాడికి చోటు లేదు. ఈ లెక్క మా ఊళ్లోనూ పెడితే బాగుండుననిపిస్తుంది, ముఖ్యంగా చందా పుస్తకం కనబడగానే ఫోన్ చెవిన పెట్టుకునేవాళ్ల కోసం.

మరో నియమం నాకు ఇంకా నచ్చింది. పస్కా రాత్రి ఎంత బీదవాడైనా మెత్తకు ఆనుకుని, బానిస కాని మనిషిలా కూర్చునే తినాలి. ధర్మపు సొమ్ముతోనైనా సరే, అతనికి నాలుగు గిన్నెల ద్రాక్షారసం తగ్గకూడదు. కడుపు నింపడానికి ద్రాక్షారసం ఎందుకు? కడుపు సంగతి వేరే రోజుల్లో చూసుకుంటారు. ఆ రాత్రి సంగతి వేరు.

మా ఊళ్లోనూ పండగ తిండి సంగతి వేరే. మా నాయనమ్మ కాలంలో వరి బువ్వంటేనే పండగ. రోజూ రాగి సంగటి, కొర్ర బువ్వ. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. మెల్లగా వరి బువ్వ రోజువారీ తిండి అయిపోయింది. అప్పుడు పండగ బియ్యంలోంచి లేచిపోయి మైదాలోకి, బెల్లంలోకి, నెయ్యిలోకి చేరింది. కోటా బియ్యం ఇంట్లో ఉన్నా ఉగాది పూట పొయ్యి మీద పెనం ఎక్కకపోతే పిల్లలు పక్కింటి వాకిట్లో నిలబడతారు. ఆ నిలబడ్డం ఆకలి కాదు.

రంజాన్‌కు ఫిత్రా లెక్క కూడా గోధుమలతోనే. ఇంట్లో చంటిబిడ్డతో సహా మనిషికి సుమారు రెండు కిలోల గోధుమలో, వాటి ఖరీదో ఈద్ నమాజుకు ముందే బీదలకు చేరాలి. నమాజు అయ్యాక ఇస్తే అది మామూలు దానమే, ఫిత్రా కాదు. మా వీధి సాయిబు మామ దీన్ని ఒక్క మాటలో తేల్చేశాడు: "పండగ పోయినాక ఇచ్చే సేమియా ఎందుకప్పా, పురుగులకా?"

ప్రభుత్వాలూ ఈ దారి పట్టాయి. 2015 సంక్రాంతికి చంద్రన్న కానుక అని ఆరు రకాల సరుకులు రేషన్ అంగళ్లలో ఇచ్చారు. గోధుమపిండి, కందిపప్పు, శనగపప్పు, బెల్లం, పామాయిల్, నెయ్యి. అదే ఏడాది రంజాన్ తోఫా కూడా మొదలైంది. 2019 తర్వాత రెండూ ఆగిపోయాయి. మంచిచెడ్డలు రాజకీయాలవాళ్లు తేల్చుకుంటారు. నాకు తట్టింది ఒక్కటే. మేం సంచి మీద పుచ్చుకునేవాళ్ల పేర్లు రాశాం. ప్రభుత్వాలు ఇచ్చేవాళ్ల పేర్లు రాసుకుంటాయి. ఏ పేరూ లేని సంచి కుట్టడం ఎవరికీ రాలేదు.

యెరూషలేము దేవాలయంలో ఒక గది ఉండేదట. దయగలవాళ్లు చప్పుడు చేయకుండా వచ్చి వేసిపోయేవాళ్లు, బాగా బతికి చెడ్డవాళ్లు చప్పుడు చేయకుండా వచ్చి తీసుకుపోయేవాళ్లు. మాకు అంత గది ఎక్కడిది? మరుసటి ఏడాది నుంచి అంగడాయన్నే గది చేసుకున్నాం. ఉగాదికి వారం ముందు డబ్బు ఆయన చేతిలో పెడతాం, పేర్లు చెవిలో చెబుతాం. వాళ్లు సరుకులకు వచ్చినప్పుడు "నీ పాత పద్దులో కొంత జమ మిగిలుండాది, తీస్కపో" అంటాడు. మొదట్లో గొణిగాడు. నలభై ఏళ్ల వ్యాపారంలో జమ మిగిలిందని ఒక్కరితోనూ అనలేదట, అంటే నమ్ముతారా అని. నమ్మారు. లేదా నమ్మినట్టు ఉన్నారు.

పన్నెండో శతాబ్దంలో ఈజిప్టులో ఉండిన యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. మొహం ముడుచుకుని ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఎవరిచ్చారో, ఎవరు పుచ్చుకున్నారో ఇద్దరికీ తెలియకపోవడం పైనుంచి రెండోది. అన్నిటికంటే పైది, ఇంకొకరి చేయి చూసే పని లేకుండా అప్పో పనో ఇచ్చి నిలబెట్టడం. ఆ పై మెట్టు సంగతి మా ఉమ్మడి జిల్లాకు తెలియనిది కాదు. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. పనికి పోయినవాళ్ల కూలి పండగకు ముందు ఖాతాలో పడిన ఏడాది మా చిట్టాలో నాలుగు పేర్లు తగ్గుతాయి. పండగ తర్వాత పడితే తగ్గవు.

ధర్మం మీద బతికేవాడు కూడా తనకు తోచింది ధర్మం చేయాలని ఆ మైమోనిడీసే అంటాడు. చదివినప్పుడు కొంచెం కఠినంగా తోచింది.

ఈ ఉగాదికి లెక్క చూసుకుందామని అంగడికి పోతే, ఆయన పుస్తకంలోంచి మడత పెట్టిన ఇరవై రూపాయల నోటు తీసి నా ముందు పెట్టాడు. అప్పుడు గడపలో కూర్చున్న ఆ అవ్వే ఇచ్చిపోయిందట. "ఆ పద్దులో ఎయ్యప్పా" అని మాత్రం చెప్పిందట. ఏ పద్దు అని ఈయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఇప్పుడు దీన్ని ఎవరి పేరు మింద రాసేది?" అని పెన్ను పట్టుకుని నన్నే అడుగుతున్నాడు.