స్టాక్ ఇంజన్‌కు సూపర్‌ఛార్జర్

సూపర్‌ఛార్జర్ అంటే క్రాంక్‌షాఫ్ట్ నుంచి బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. అమెరికాలో 1990 నాటి మాజ్దా మియాటాకు దీన్ని అమర్చే మెకానిక్కుల పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. ఆ 1.6 లీటర్ల ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 9.4. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కంపెనీవే కాబట్టి బూస్ట్‌ను సాధారణంగా 6 పీఎస్‌ఐ దగ్గరే ఆపుతారు. ఆ నిగ్రహంలోనే అసలు నైపుణ్యం ఉంది. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. లేకుంటే మిశ్రమం పలచబడి, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే మండడం) మొదలై, పిస్టన్ దెబ్బతింటుంది. అందుకే ఇంజెక్టర్లను, ఇగ్నిషన్ టైమింగ్‌ను సరిచేస్తారు. చేయి తిరిగిన మెకానిక్ స్పార్క్ ప్లగ్ విప్పి, తెల్లని పింగాణీ మీద పిస్టన్ నుంచి ఊడిన సన్నని అల్యూమినియం చుక్కలేమైనా అంటుకున్నాయేమో వెలుతురులో తిప్పి చూస్తాడు. కనిపిస్తే టైమింగ్‌ను మరికాస్త వెనక్కి జరుపుతాడు. బెల్టు తిరిగే కప్పీలు ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడాలి. వంకరగా ఉంటే బెల్టు అంచులు త్వరగా అరిగిపోతాయి.