రాని వీడ్కోలునకు ఒక సంఖ్య

వెబ్‌సాకెట్ అనగా బ్రౌజరునకు, సర్వరునకు నడుమ ఒకే సంబంధముపై ఇరువైపుల సందేశములు నడుపు పద్ధతి. 2011లో వెలువడిన దాని ప్రమాణము, ఆర్.ఎఫ్.సి. 6455, సంబంధమును ముగించువారు కారణమును సంఖ్యగా తెలుపు వీలు కల్పించినది: పని ముగిసినచో 1000, సందేశము మితిమీరి పెద్దదైనచో 1009. వెంట వివరణయు వ్రాయవచ్చును. హద్దు 123 బైట్లు. యు.టి.ఎఫ్.-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు గనుక మనకు దక్కునవి గుణింతపు గుర్తులతో కలిపి 41 మాత్రమే! ఇది చిన్న లోపము.

చిక్కంతయు 1006తోనే. దీనిని అవతలివారు పంపరు, పంపరాదు. వీడ్కోలు సందేశము రాకయే సంబంధము తెగినపుడు ఇవతలి యంత్రమే వ్రాసికొనును. సర్వరు కూలినను, వైఫై పోయినను అదే సంఖ్య. వచ్చిన కబురును, రాని కబురును ఒకే వరుసలో పేర్చుట పొరపాటని నా అభిప్రాయము. విద్యార్థి దానిని సర్వరు జవాబని భ్రమించి, తన ఇంటి వైఫై దోషమును సర్వరులో వెదకుచుండును.