కారం నుంచి పెరుగు దాకా

2022 నవంబరులో కొచ్చి నుంచి హైదరాబాద్‌కు ట్రైలర్ మీద వెళ్తున్న పాత విమానం ఒకటి హైవే మీద ఉన్న మార్టూరుకు దక్షిణాన, మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. రెస్టారెంట్‌గా మార్చడానికి పిస్తా హౌస్ సంస్థ కొన్న విమానం అది. పోలీసుల సాయంతో అది కదిలేదాకా చుట్టుపక్కల జనమంతా వచ్చి చూశారు. తినే చోటు కూడా ఒక వింతగా ఉండాలన్న కోరిక మనలో ఎంత బలంగా ఉందో ఆ ప్రయాణమే చెబుతుంది. జైలు గదుల్లో మండీ పెట్టే హోటళ్ళు జిల్లా కేంద్రాల దాకా వచ్చాయి. గుహలు, రైలు పెట్టెలు, లాంతర్లు వేలాడదీసిన పల్లెటూరి సెట్టింగులు సరేసరి. ఈ ముచ్చట తప్పని నేననను. కానీ ఖైదీ బట్టల్లో సర్వరు తెచ్చే పళ్ళానికీ పక్క వీధి హోటల్ పళ్ళానికీ తేడా లేకపోతే, అంత నాటకంలోనూ భోజనానికి పాత్ర ఇవ్వనట్టే. నాటకీయంగా వడ్డించడమనే కళకు ప్రాణం తినే వరసలో ఉంటుంది. గోడలు, దుస్తులు ఆ వరసకు తోడుగా రావాలి.

ఈ కళలో పేరు పొందినవాళ్ళ పనిని చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంగ్లండులోని బ్రే అనే ఊళ్ళో హెస్టన్ బ్లూమెంథాల్ తన ఫ్యాట్ డక్ రెస్టారెంట్‌లో సముద్రపు చేపలు, గుల్లలతో ఒక వంటకం పెట్టి, దాంతోపాటు శంఖంలో దాచిన ఇయర్‌ఫోన్లు చేతికిస్తాడు. చెవిలో అలల హోరు, నోట్లో ఉప్పురుచి. ఆ చప్పుడు వంటకంలో ఒక భాగం. దీని వెనక పరిశోధన ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో చార్ల్స్ స్పెన్స్ బృందం ఆలూ చిప్స్ కొరికే చప్పుడును హెడ్‌ఫోన్లలో పెంచి వినిపిస్తే, అవే చిప్స్ ఇంకా కరకరలాడుతున్నాయని తిన్నవాళ్ళు చెప్పారు. 2012లో షాంఘైలో పాల్ పేరే తెరిచిన అల్ట్రావయొలెట్ రెస్టారెంట్‌లో ఉండేది పది మంది కూర్చునే ఒకే ఒక్క బల్ల. ఇరవై దాకా వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తుంటే గోడల మీది బొమ్మ, వాసన, సంగీతం ఒక్కోదానికీ మారేవి. అక్కడ ముందు పుట్టింది వంటకం, దాన్ని బట్టి గోడ మారింది.

వరసగా వడ్డించడం మనకు కొత్త విద్య కాదు. మార్టూరు నుంచి పడమరగా పోతే వచ్చే వినుకొండ పేరు ఇంటిపేరుగా ఉన్న వల్లభరాయుడి పేర మనకు దక్కిన క్రీడాభిరామంలో, ఓరుగల్లు పూటకూళ్ళ ఇంట ఒక రూకకు దొరికే భోజనం ఉంది. మేలురకం బియ్యపు అన్నంతో మొదలై గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు దాటి గడ్డపెరుగుతో ముగుస్తుంది. పైగా ఆ రచన వీథి అనే రూపకం, అంటే నాటకమే. అప్పటికి ఈ నేలకు మిరప రాలేదు. తర్వాతి కాలంలో పోర్చుగీసుల వెంట సముద్రం దాటి వచ్చిన మిరప ఆ వరసలోనే చోటు వెతుక్కుంది. మిరపలోని క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్‌లో భాగం దక్కింది. క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది, పాలలోని కేసీన్ దాన్ని పట్టి లాగేస్తుంది. ముద్దపప్పుతో మెల్లగా మొదలుపెట్టి, గోంగూర పులుపు తగిలించి, కొరివికారంలో నెయ్యి వేసి మంట పెంచి, పులుసు మీదుగా పెరుగన్నం దగ్గర చల్లార్చే మన విస్తరి ఇంత శాస్త్రాన్నీ పేర్లు తెలియకుండానే పాటించింది. మొదలు, ఉద్రేకం, ఉపశమనం అన్నీ ఉన్న పూర్తి నాటకం ఇది. స్టీలు పళ్ళెంలో గిన్నెలన్నీ ఒక్కసారే పెట్టేసినప్పుడు మనం పోగొట్టుకున్నది ఈ వరసనే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. పాత బంతి భోజనం అందరిదీ కాదు. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో కులం చెప్పింది. వండి వడ్డించిన ఆడవాళ్ళు అందరి తర్వాత తిన్నారు. ఇది నిజం, దీన్ని దాచి విస్తరిని పొగడటం అన్యాయం. అయితే ఆ కట్టుబాటు వంటకాల వరసలో లేదు, మనుషుల వరసలో ఉంది. డబ్బు ఇచ్చిన ఎవరికైనా ఒకే బల్ల మీద పెట్టే హోటల్ రెండోదాన్ని వదిలేసి మొదటిదాన్ని నిలబెట్టగలదు. పల్లెటూరి సెట్టింగు చేసేది మాత్రం వేరు. బండిచక్రం, లాంతరు కనిపిస్తాయి, మండుటెండలో మిరపకాయలు కోసే కూలీల ఊసే ఉండదు. హైవే మీద ఆగేవాడికి అంత తీరిక ఎక్కడిదని ఇంకొకరు అడగవచ్చు. తీరిక లేనివాళ్ళకు డాబాలు ఉన్నాయి. విమానంలోకో జైల్లోకో కావాలని వెళ్ళి ఫొటోలు దిగేవాళ్ళ దగ్గర ఓ గంట ఉండనే ఉంటుంది. పిల్లల పుట్టినరోజుకు ఆ వింత చాలు, అందులో తప్పు లేదు. కానీ వింత మొదటిసారికే. రెండోసారి రప్పించేది రుచే.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కల్లాలు మిరపకాయలతో ఎర్రగా ఉంటాయి. ఆ రోజుల్లో ఒకే పప్పన్నాన్ని సన్నం రకం కారంతో ఒక ముద్ద, తేజ రకంతో ఒక ముద్ద, పండుమిరపతో ఒక ముద్ద రుచి చూపించి, ఒక్కొక్కటి ఏ నేలలో పండిందో, ఎవరు కోశారో వడ్డించేవాడు రెండు మాటల్లో చెబితే, అలాంటి భోజనం షాంఘైలోనూ దొరకదు. మార్టూరు హైవే పక్కన హోటల్ పెట్టబోయేవాళ్ళను నేను కోరేది ఇదే: సెట్టింగుకు అనుకున్న డబ్బులో సగం వంటమేస్త్రికీ, వడ్డించే మనిషికీ జీతంగా పెట్టండి.