కుర్చీ కంటే ముందు ఖాతా పుస్తకం

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది ఒక పేర్ల జాబితా. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మా మేనల్లుడు ఫోన్‌లో చూపించాడు. పేరున్న ఆర్థికశాస్త్ర జర్నల్ ఒకటి కొత్త సంపాదకవర్గం చేతికి వచ్చిందట. నేను అలవాటు కొద్దీ పేర్లు వదిలేసి, పక్కనున్న ఊళ్లు చూశాను. లండన్, బోస్టన్, ఢిల్లీ, మళ్లీ లండన్. ‘నల్లగొండ లేదు, పాలమూరు లేదు, ఇదేం కొత్తదనంరా’ అన్నాను. ‘ఎట్లుంటది మామా’ అని నవ్వాడు వాడు. ఈ కాలమ్ చదివేవాళ్లకు నా ఈ పాత గోడు తెలిసిందే.

ఎడిటర్ మారితే ఏమవుతుందని అడగొద్దు. జర్నల్‌కు వచ్చిన వ్యాసాల్లో చాలావాటి తలరాత, వ్యాసాన్ని పరిశీలించే రెఫరీల దాకా పోకముందే, ఎడిటర్ బల్ల మీదే తేలిపోతుంది. జవాబు సరైనదా అన్నది రెఫరీ చూస్తాడు. ఆ ప్రశ్న అసలు అడగదగినదా అన్నది ఎడిటర్ చూస్తాడు. ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’నే తీసుకోండి. 1966లో సచిన్ చౌధురి మొదలుపెట్టారు, ఆ ఏడాది చివర్లోనే కన్నుమూశారు. 1969 నుంచి, 2004లో చనిపోయేదాకా కృష్ణరాజ్ నడిపారు. వరంగల్‌లో లెక్కలు చెప్పిన బాలగోపాల్ రాతకు దేశమంతటా పాఠకులు దొరికింది ఆయన హయాంలోనే. తర్వాత సి. రామ్మనోహర్ రెడ్డి వచ్చారు. ఈమధ్య, హైదరాబాద్‌లోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రానికి (సెస్) డైరెక్టర్‌గా చేసిన మహేంద్ర దేవ్ కూడా ఆ కుర్చీలో కూర్చున్నారు. మన నేల తెలిసిన మనిషి అక్కడుంటే మన సంగతులు అచ్చవుతాయని నేను వాదించేది ఇందుకే.

పైగా మన ఊళ్ల మీద రాసినంత ఈ జర్నళ్లు ఎన్ని ఊళ్ల మీద రాశాయి? 1975లో పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు మెట్ట సేద్యగాళ్ల బతుకు తెలుసుకోవడానికి ఆరు ఊళ్లు ఎంచుకున్నారు. నాలుగు మహారాష్ట్రవి, రెండు పాలమూరువి: దేవరకద్ర వైపు డోకూరు, మాడ్గుల్ వైపు ఔరేపల్లి. ఔరేపల్లి ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోకి పోయింది. ఎర్రనేల, ఆముదం, జొన్న, ఈత తాటి కల్లు గీసే గౌడ్ల ఇళ్లు. ఊరికి 40 కుటుంబాలు పట్టుకున్నారు. 30 సేద్యం చేసేవి, 10 కూలికి పోయేవి. వివరాలు రాసుకునే మనిషి ఊళ్లోనే మకాం పెట్టి, మూడు నాలుగు వారాలకోసారి ఇల్లిల్లూ తిరిగేవాడు. ఏం పండింది, ఏం తిన్నారు, అప్పు ఎవరిచ్చారు, ఎద్దును ఎందుకు అమ్మారు. ఔరేపల్లిలో ఇట్లా 1984 దాకా రాశారు.

ఆ రాతల మీద ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్థికవేత్తలు వాలిపోయారు. బిన్స్‌వాంగర్ ఈ ఊళ్ల రైతులతో నిజం డబ్బు పెట్టి బొమ్మా బొరుసా ఆడించాడు. పందెం పెద్దదయ్యేకొద్దీ ఉన్నోడూ లేనోడూ దాదాపు ఒక్క తీరుగానే జంకుతారని 1980లో తేల్చాడు. కరువొస్తే రైతు ఎద్దుల్ని అమ్ముకుని, కాలమైతే మళ్లీ కొనే తీరు మీద రోజెన్‌జ్వైగ్, వోల్పిన్ 1993లో రాశారు. మరుసటేడు షికాగో నుంచి రాబర్ట్ టౌన్‌సెండ్ ‘ఎకనామెట్రికా’లో రాసిన వ్యాసం అన్నిటికన్నా పేరుపడ్డది. ఔరేపల్లితో కలిపి మూడు ఊళ్ల లెక్కలు తీశాడు. ఒక ఇంట్లో రాబడి తగ్గినా, మనిషి మంచాన పడ్డా, ఆ ఇంటి తిండి అంతగా తగ్గడం లేదు. ఊరు ఎట్లా తింటే ఇల్లూ దాదాపు అట్లాగే తింటున్నది. అయితే మూడింట్లో ఒక ఊళ్లో భూమిలేనివాళ్లకు ఆ ఆసరా తక్కువని కూడా తేలింది. ఊరంతా ఒక్కటే అని మనం మురిసిపోతూ చెప్పుకునే మాట కింద ఈ సంగతి ఎన్నేళ్లయినా బయటపడేది కాదు.

ఇక్కడే నా వాదానికి చిక్కొచ్చింది. టౌన్‌సెండ్ వ్యాసాన్ని అచ్చువేసిన సంపాదకవర్గంలో మన జిల్లావాళ్లెవరూ లేరు. ఔరేపల్లిని ‘ఎకనామెట్రికా’ దాకా తీసుకుపోయింది పదేళ్లు ఆగకుండా సాగిన రాతకోతలు. కుర్చీలో మనవాడున్నా, చేతిలో అలాంటి ఖాతా పుస్తకాలు లేకపోతే ఏం అచ్చువేస్తాడు?

మన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి ఈ కిటుకు ముందే పట్టారు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాశాడు. ‘గోలకొండ పత్రిక’ చేతిలో ఉంది కాబట్టి ఘాటైన సంపాదకీయం ఒకటి రాసి ఊరుకోవచ్చు. ఆయన పద్యాలు పోగుచేసి, 1934లో 354 మంది కవులతో సంచిక వేశారు. ఆ తర్వాత ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

మనకిప్పుడు పాలమూరు యూనివర్సిటీ ఉంది, నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. చెరో ఊరు ఎంచుకోండి. బోరు ఎన్ని అడుగులు పోయింది, పత్తికి పెట్టుబడి ఎవరిచ్చారు, బొంబాయి పోయినాయన ఇంటికి ఎంత పంపాడు, సర్కారు సాయం కౌలురైతు దాకా వచ్చిందా, అన్నీ నెలనెలా రాయించండి. ఒకరి పీహెచ్‌డీ అయిపోతే ఇంకొకరు అదే పుస్తకం అందుకోవాలి. ఏడాదికోసారి ఆ లెక్క తెలుగులో ఊరికి చదివి వినిపించాలి. సంపాదకవర్గాలు మారుతూనే ఉంటాయి. పదేళ్ల లెక్క ఉన్న ఊరిని ఏ ఎడిటరూ పక్కన పెట్టలేడు. ఎకనామిక్స్ శాఖల పెద్దలారా, వచ్చే వానాకాలం పంటతోనే మొదలుపెట్టండి.